బరువు మారే బండి

మిర్యాలగూడ దగ్గరి వాడపల్లి వైపు తిరిగే బండ్లలో వెనక షాక్ పోయిందో లేదో తెలుసుకోవాలంటే దాని మీది దుమ్ము చూస్తే చాలు. ఇక్కడి దుమ్ములో సున్నపురాయి పాలు ఎక్కువ. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద రాత్రీ పగలూ లారీలు. బాగున్న షాక్ మీద ఆ దుమ్ము బూడిద రంగులో పొడిపొడిగా ఉంటుంది, వేలితో తుడిస్తే పోతుంది. సీలు కారిన షాక్ మీద మాత్రం నూనె పీల్చుకుని నల్లగా పెచ్చు కడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గోకితే తప్ప రాదు. ఆ పెచ్చు కట్టాక కూడా బండి ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది. స్ప్రింగు విరిగితే ఆ పూటే పని ఆగిపోతుంది. లోపలి నూనె పోతే ఎవరికీ పట్టదు.

పట్టకపోవడానికి కారణం ఉంది. బరువు మోసేది స్ప్రింగు, నూనె కాదు. నూనె చేసేదల్లా స్ప్రింగు చేసే గోలను అణచడం. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు నొక్కుకుని కుదుపును దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని ఉంచుకోదు, తిరిగి మన మీదికే విసురుతుంది. ఆ విసురును మధ్యలో పట్టి వేడిగా మార్చి గాల్లో కలిపేసేది డాంపర్. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డం పెట్టి నొక్కి చూడండి. మెల్లగా నొక్కితే గాలి వేలి సందులోంచి సులువుగా జారిపోతుంది. విసురుగా నొక్కితే పిడి ఎదురు తంతుంది. డాంపర్‌లో గాలికి బదులు నూనె, వేలి సందుకు బదులు పిస్టన్‌కు తొలిచిన బెజ్జాలు. ఎంత లోతు నొక్కారన్నది దానికి లెక్క కాదు, ఎంత వేగంగా నొక్కారన్నదే లెక్క. కదలకుండా నిలబడ్డ బండిలో డాంపర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మిర్యాలగూడలో అనుభవమున్న మెకానిక్‌లు షాక్‌లను పరీక్షించే పద్ధతి చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. బండిని స్టాండు మీంచి దించి, సీటు వెనక భాగం మీద రెండు అరచేతులూ ఆనించి ఒక్కసారి బలంగా నొక్కి వదిలేస్తారు. పానా జోలికి పోరు. లేచిన సీటు ఎక్కడ ఆగుతుందో చూస్తారు. ఒక్కసారి లేచి, కొంచెం దిగి, కుదురుకుంటే సరే. రెండు మూడు సార్లు ఊగితే "పోయినయ్ సార్" అంటారు. అంతే తీర్పు. ఇంటర్ పిల్లలకు అవరుద్ధ డోలనాలు చెప్పిన రోజుల్లో నేను బోర్డు మీద గీసిన తగ్గుతూ పోయే అలల బొమ్మ ఇదే. ప్రతి ఊపూ దాని ముందు ఊపులో ఎంత శాతం ఉందో చూస్తే అవరోధం పాలు తెలిసిపోతుంది. ఊగకుండా నేరుగా వచ్చి ఆగడానికి కావలసిన అవరోధాన్ని ఒకటి అనుకుంటే, అందులో మూడు పదో వంతులు ఉన్న బండి రెండో ఊపుకు మొదటిదాంట్లో 14 శాతమే ఊగుతుంది. అంత చిన్న ఊపు కంటికి ఆనదు. నూనె కారిపోయి ఒక పదో వంతు మిగిలితే రెండో ఊపు 53 శాతం. దాన్ని గుర్తుపట్టడానికి పరికరం అక్కర్లేదు, మెకానిక్ చూపు చాలు.

ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు తుప్పు పట్టి బిగుసుకుపోయిన బండి కూడా ఒక్క ఊపుకే ఆగుతుంది. అక్కడ ఆపింది నూనె కాదు, రాపిడి. రాపిడి చిన్న కుదుపును అసలు తీసుకోదు, నేరుగా నడుముకు పంపిస్తుంది. పెద్ద కుదుపు వచ్చినప్పుడు దాని బలం చాలదు. అందుకే మంచి మెకానిక్ గట్టిగా నొక్కే ముందు రెండు వేళ్లతో సీటును నెమ్మదిగా అదుముతాడు. ఆ కాస్త బరువుకే దిగుతుందా, లేక మొరాయించి చటుక్కున దిగుతుందా అన్నది అప్పుడు తెలుస్తుంది. ఈ మెత్తని నొక్కుడు చాలామంది కస్టమర్ల కంట పడదు.

వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం ఎత్తులో ఉన్న దీపం ఎప్పుడూ రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. పై దీపానికి తగిలేది స్వామి ఊపిరి అని భక్తులు చెప్పుకుంటారు. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. దర్శనం వరుసలో నిలబడ్డప్పుడు నాకు వచ్చే ఆలోచన వేరు. కదులుతున్న వస్తువు రెండు కారణాల వల్ల కదలవచ్చు. ఎప్పుడో తగిలిన దెబ్బను ఇంకా మరిచిపోక ఊగుతుండవచ్చు, లేదా కొత్త దెబ్బలు తగులుతూనే ఉండవచ్చు. పై దీపం రెండో రకం. మెకానిక్ అరచెయ్యి మొదటి రకాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. ఒక్కసారి నొక్కి వదిలి, ఆ తర్వాత రోడ్డు అన్నదే లేనట్టు చూస్తాడు. అసలు రోడ్డు అలా ఊరుకోదు. ఒక కుదుపు మరిచేలోగా ఇంకొకటి తయారు.

కొన్నిచోట్ల కూడలికి ముందు రోడ్డు మీద ఉబ్బెత్తుగా వేసిన చిన్న గీతల వరుసలు ఉంటాయి కదా, అక్కడ ఇది బాగా తెలుస్తుంది. డాంపర్ మరీ గట్టిగా ఉంటే, నొక్కుకున్న స్ప్రింగు తిరిగి పైకి రావడానికి తీరిక దొరకదు. మొదటి గీతకు కొంచెం దిగుతుంది, సగం లేచేలోగా రెండో గీత. ఇంకొంచెం దిగుతుంది. వరుస దాటేసరికి వెనక భాగం అడుగుకు కూర్చుని ఉంటుంది. పైకి వచ్చే వైపు అవరోధం ఎక్కువ, కిందికి పోయే వైపు తక్కువ పెట్టడం అందరూ పాటించే పద్ధతే. కాకపోతే ఎంత ఎక్కువ అన్న దగ్గర ఒప్పుదల లేదు. గట్టిగా ఉంటే మంచిదని చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఇక స్పీడ్ బ్రేకర్. దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలిచ్చింది, 1988 నాటి ఐఆర్‌సీ 99లో. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు, దాటే వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఆ వేగంలో 3.7 మీటర్లు దాటడానికి పట్టేది అర సెకను పైచిలుకు. మోటార్‌సైకిల్ తనకు తానుగా ఒక్కసారి ఊగి రావడానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే. ఆ కొలతలు నిర్ణయించినవాళ్ల మనసులో మోటార్‌సైకిల్ ఉందో లేదో గానీ, మనిషి నడుముకు ఆ గుట్ట చేసేది ఒక్క మెత్తని ఊపు.

ఊళ్లలో ఉండే స్పీడ్ బ్రేకర్ వేరు. ఏదో ప్రమాదం జరుగుతుంది, మర్నాడు పొద్దునకల్లా రోడ్డుకు అడ్డంగా ఒక గట్టు మొలుస్తుంది. ఎత్తు అదే పది సెంటీమీటర్లు, వెడల్పు మాత్రం జానెడున్నర, రెండు జానలు. దాన్ని వేసినవాళ్లను తప్పుపట్టలేం. ఊళ్లో పిల్లల ప్రాణం ముందు మన నడుం నొప్పి ఏపాటిది? అయినా లెక్క వేసి చూడాలనిపిస్తుంది. కొలత ప్రకారం కట్టిన గుట్ట మీద చక్రం 1.85 మీటర్ల దూరంలో పది సెంటీమీటర్లు ఎక్కుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు గట్టు మీద అదే ఎత్తు 20 సెంటీమీటర్లలోనే ఎక్కాలి. ఒకే వేగంతో వెళ్తే చక్రం పైకి లేచే వేగం తొమ్మిది రెట్లు దాటుతుంది. ముందు చక్రాన్ని పట్టే చవక ఫోర్కుల్లో అవరోధం అంతా ఒక గొట్టానికి తొలిచిన బెజ్జాలతోనే వస్తుంది. బెజ్జంలోంచి నూనె తోసుకుపోవడానికి కావలసిన బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. తొమ్మిది రెట్ల వేగానికి ఎనభై రెట్ల పైచిలుకు బలం అన్నమాట. నిజానికి అంత రాదు, టైరు కొంత నలుగుతుంది, ఫోర్కు కొంత వంగుతుంది, మనిషి బ్రేకు మీద కాలు పెడతాడు. అయినా ఆ క్షణంలో ఫోర్కు కదిలే ఫోర్కు కాదు, ఇనప కడ్డీ. అదే ఫోర్కు నున్నని రోడ్డు మీద మెల్లని అలలకు అవరోధమే లేనట్టు తేలుతుంది. కావలసిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది.

దీనికి ఊళ్లో దొరికే మందు చిక్కటి నూనె. కొందరు ఫోర్క్ ఆయిల్‌కు బదులు ఇంజన్ ఆయిలే పోస్తారు. నున్నని రోడ్డు మీద తేలడం తగ్గుతుంది, నిజమే. గట్టు మీద మాత్రం దెబ్బ ఇంకా పెరుగుతుంది. నూనె చిక్కదనం మారిస్తే వేగానికీ బలానికీ మధ్య గీసిన గీత మొత్తం పైకో కిందికో జరుగుతుంది, దాని వంపు మారదు. వంపు మారాలంటే బెజ్జాల మీద పల్చని ఉక్కు బిళ్లలు దొంతరగా పేర్చాలి. ఒత్తిడి పెరిగే కొద్దీ బిళ్లలు వంగి దారి ఇస్తాయి, బలం వర్గంలా ఎగబాకదు. ఖరీదైన షాక్‌లో డబ్బు పోసి కొనేది ప్రధానంగా ఆ బిళ్లలు వంగే తీరునే. పక్కనుండే నైట్రోజన్ డబ్బా పని వేరు, నూనె నురగ కట్టకుండా ఒత్తిడిలో ఉంచడం. ఇదే పనికి ఒకే గొట్టంలో వాయువునూ నూనెనూ విడదీసి పెట్టే ఏర్పాటును ఫ్రెంచి ఇంజనీరు దె కార్బన్ 1953లోనే పట్టుకొచ్చాడు.

ఇంతవరకూ బరువు మారదనుకుని మాట్లాడాను. వాడపల్లిలో మారని బరువు లేదు. పొద్దున్నే ఒక మనిషి ఖాళీ బండి మీద దామరచర్ల పోతాడు. తిరిగొచ్చేటప్పుడు 45 కిలోల యూరియా బస్తా ఒకటి, 50 కిలోల డీఏపీ బస్తా ఒకటి. ఒకే పూటలో, ఒకే రోడ్డు మీద, ఒకే స్ప్రింగు మీద వెనక చక్రం బరువు ఇంచుమించు రెట్టింపవుతుంది. లెక్క సులువుకు ఖాళీ బండి సెకనుకు రెండు సార్లు ఊగుతుందనుకుందాం. బరువు రెట్టింపైతే ఆ ఊపు 1.4కు పడిపోతుంది. అవరోధం పాలు 0.3 ఉన్నది 0.21 అవుతుంది. కొత్త షాకే, నూనె చుక్క కారలేదు, అయినా రెండో ఊపులో మిగిలేది 14 శాతం నుంచి 26 శాతానికి ఎగబాకుతుంది. బస్తాలు ఎక్కించడంతోనే షాక్ సగం ముసలిదైపోయింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రోడ్డు మీద ఎనిమిది మీటర్ల చొప్పున అలలున్నాయనుకోండి. ఖాళీ బండికి అనునాదం కుదిరే వేగం గంటకు 60 దగ్గర. బరువున్న బండికి అదే రోడ్డు మీద అది 40కి దిగుతుంది. "బస్తాలున్నయ్, నలభైలో పో" అని ఇంట్లోవాళ్లు చెప్పే జాగ్రత్త ప్రాణానికి మంచిదే, కాదనను. ఆ అలల మీద బండి అన్నిటికన్నా ఎక్కువ ఊగే వేగం కూడా సరిగ్గా అదే కావడం రోడ్డు చేసే చిలిపితనం.

"షాక్‌లు టైట్ చేయించుకో" అన్నది ఇక్కడ సర్వరోగ నివారిణి. షాక్ కింద ఐదు మెట్ల గాడి ఉంటుంది, పానాతో తిప్పితే ఒక్కో మెట్టు ఎక్కుతుంది. తిప్పినవాడికీ, తిప్పించుకున్నవాడికీ స్ప్రింగు గట్టిపడిందనే అభిప్రాయం. గట్టిపడదు. ఆ మెట్టు స్ప్రింగును ముందే కొంచెం నొక్కి పెడుతుంది, అంతే. ఆ తర్వాత ప్రతి కిలోకూ స్ప్రింగు ముందెంత దిగేదో అంతే దిగుతుంది. కూర్చున్న బండి కొంచెం లేచి నిలబడుతుంది, హెడ్‌లైట్ చెట్ల కొమ్మలు చూడ్డం మానేస్తుంది. అవి చిన్న లాభాలు కావు. అవరోధం మాత్రం వీసమెత్తు పెరగదు. బజాజ్ వాళ్ల స్ప్రింగ్ ఇన్ స్ప్రింగ్ లాంటివి బరువు పెరిగే కొద్దీ నిజంగానే గట్టిపడే ఏర్పాట్లు. వాటిలో కూడా నూనె సంగతి దాదాపు ఎక్కడిదక్కడే. ఈ బండ్లలో వెనక చక్రం కదలగలిగేది పది సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంత ఇరుకులో నిండు బరువు మోయాలని కంపెనీలు గట్టి స్ప్రింగే వేస్తాయి. దాంతో బస్తాల బండి బాగుంటుంది, ఒంటరిగా పోయేవాడి నడుం విరుగుతుంది. మెత్తగా వేస్తే ఒంటరివాడు సుఖపడతాడు, బస్తాల బండి అడుగు తన్నుతుంది. సెట్టింగ్ అంటే సరైన అంకె వెతకడమని మొదట్లో నాకూ ఉండేది. ఎవరి ప్రయాణం చెడగొట్టాలో తేల్చుకోవడమే సెట్టింగ్ అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈ చిక్కునుంచి బయటపడేందుకు ప్రపంచంలో జరిగిన తెలివైన ప్రయత్నం లింకేజీ. దానికి ముందుమెట్టుగా, బెల్జియం ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచనను యమహా తీసుకుని, వెనక రెండు షాక్‌లకు బదులు ఒక్కటే పెట్టింది. 1973లో హాకాన్ ఆండర్సన్ ఆ బండి మీదే 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 1980ల మొదటికల్లా కవాసాకీ యూనిట్రాక్, సుజుకీ ఫుల్ ఫ్లోటర్, హోండా ప్రోలింక్ అంటూ తలా ఒక మీటల అమరిక తయారుచేశారు. స్వింగ్ ఆర్మ్‌కూ షాక్‌కూ మధ్య ఒక త్రికోణపు ముక్క, ఒక పుల్ల. చక్రం కొంచెం లేచినప్పుడు షాక్ తక్కువ కదులుతుంది, ఇంకా లేస్తే అదే దూరానికి ఎక్కువ కదులుతుంది. ఆ నిష్పత్తి వర్గంలో లెక్కకు వస్తుంది. చక్రంతో పోలిస్తే షాక్ సగమే కదిలేచోట స్ప్రింగు గట్టిదనం చక్రం దగ్గర నాలుగో వంతే కనిపిస్తుంది, డాంపర్ అవరోధం కూడా అంతే. నిష్పత్తి సగం నుంచి 0.6కు పెరిగితే రెండూ 44 శాతం గట్టిపడతాయి. స్ప్రింగుతో పాటు అవరోధాన్నీ పెంచగలగడం ఐదు మెట్ల గాడికి చేతకానిది. కాగితం మీద త్రికోణం గీసి, ఒక మూలను రెండు మిల్లీమీటర్లు జరిపి, నిష్పత్తి గీత ఎలా వంగుతుందో చూడ్డంలో ఒక రుచి ఉంది. టోనీ ఫోయేల్, కొస్సాల్టర్ లాంటివాళ్లు రాసిన పుస్తకాలు చదివి ఆ రుచి మరిగినవాళ్లు భోజనం వేళ మరిచిపోతారు.

మన దేశంలో 2004లో హోండా యూనికార్న్ ఒంటి షాక్‌ను రోజువారీ మోటార్‌సైకిల్‌లోకి తెచ్చింది. లింకేజీతో సహా వచ్చినవి 2008లో యమహా ఆర్15, 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. ఆ హిమాలయన్ వెనక చక్రం 180 మిల్లీమీటర్లు కదిలేది, అంత చోటుంటే మీటలకు పని దొరుకుతుంది. ఎక్సెల్ మోపెడ్‌కూ స్ప్లెండర్‌కూ నేను లింకేజీని కోరను. లింకేజీ ఉండేది వెనక చక్రం ముందు, బురద నేరుగా వచ్చి కొట్టేచోట. దాని బేరింగులకు గ్రీజు పట్టించడానికి సగం బండి విప్పాలి. దమ్ము చేసిన పొలం గట్టు మీంచి వచ్చి, సిమెంటు దుమ్ములో ఆరి, మళ్లీ తడిసే బండికి ఆ బేరింగులు ఎన్నాళ్లు మిగులుతాయి? పైగా షాక్ దగ్గర మిల్లీమీటరు వదులైతే చక్రం దగ్గర అది రెండు. ఇక్కడికి రెండు షాక్‌లే మేలు. పాడైతే కళ్ల ముందు కనిపిస్తాయి, విప్పడానికి నాలుగు నట్లు.

బరువు మారదనుకునే లెక్క రోడ్ల వైపూ ఉంది. రోడ్ల బాగోగులు కొలవడానికి ఒక ఊహా వాహనాన్ని వాడతారు. 1982లో బ్రెజిల్‌లో ప్రపంచ బ్యాంకు జరిపించిన పరిశోధన నుంచి అంతర్జాతీయ గరుకు సూచీ పుట్టింది. కారులో ఒక మూల మాత్రమే, ఒక చక్రం, కారు స్ప్రింగు ఒకటి, టైరు అనే స్ప్రింగు ఇంకొకటి, ఒక డాంపర్. దాని పేరు గోల్డెన్ కార్. కంప్యూటర్‌లోనే ఉండే ఆ కారు కొలిచిన రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్లతో పరుగెడుతుంది, అది ఎంత ఊగిందన్నదే ఆ రోడ్డు అంకె. దాని బరువు ఎన్నడూ మారదు. అది బస్తాలు మోయదు, పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకోదు, లారీ హారన్ కొడితే మట్టి అంచు దిగదు. నేషనల్ హైవేకు ఆ కొలత న్యాయమైనదే. అంచు పట్టుకుని పోయే ఎక్సెల్ ఎంత ఊగుతుందో దాన్నడిగితే చెప్పలేదు.

బండి కదలికను బట్టి తనంతట తానే మారే షాక్ లేకపోలేదు. డీన్ కార్నాప్, ఆయన సహచరులు 1974లో దాని సూత్రం రాశారు. ఆకాశానికి కొక్కెం వేసి బండిని వేలాడదీసినట్టుగా డాంపర్‌ను క్షణక్షణం నడపడం. 2013లో డుకాటీ మల్టీస్ట్రాడా మీదికి స్కైహుక్ పేరుతోనే వచ్చింది. దాని ధరకు వాడపల్లిలో ట్రాక్టర్ వస్తుంది. ఇక్కడి పనికి సెన్సర్లు, కంప్యూటర్లు అక్కర్లేదు. బరువు ఎప్పుడు మారిందో మోసేవాడికి తెలుసు. షాక్ నుంచి ఒక తీగ, తీగ చివర చేత్తో తిప్పే మీట, రెండే స్థానాలు. ఒకవైపు మనిషి బొమ్మ, ఇంకోవైపు బస్తా బొమ్మ. బస్తా వైపు తిప్పితే స్ప్రింగు కొంచెం నొక్కుకోవాలి, దాంతో పాటే నూనె బెజ్జం సన్నబడాలి. రెండోది లేకపోతే మళ్లీ పాత ఐదు మెట్ల కథే.

మా వీధికి పాలు పోసే అతనికి ఇది చెప్పాను. అతని లెక్క రైతుకు తిరగేసి ఉంటుంది, నిండు క్యాన్లతో వచ్చి ఖాళీ క్యాన్లతో పోతాడు. శ్రద్ధగా విన్నాడు. "బయట మీట పెడితే పోరగాండ్లు ఊకుంటరా సారూ? బండి ఆపి పాలు కొలిచే లోపల నాలుగు సార్లు తిప్పుతరు" అన్నాడు. ఊకోరు, నిజమే. సీటు కింద పెడదామంటే క్యాన్లు దించితే గానీ సీటు లేవదు. ఎడమవైపు టూల్స్ పెట్టుకునే సైడ్ ప్యానెల్ మాత్రం చాలా బండ్లలో తాళంతో తెరుచుకుంటుంది, క్యాన్లు వేలాడుతున్నా కొంచెం పక్కకు జరిపితే చెయ్యి దూరుతుంది. మీట అక్కడ ఉండాలి.